నమ్మలేని దొంగ, నమ్మదగిన దొంగ

(చరిత్రలో మనం – 23వ భాగం)



మా బీఏ పిల్లల్లో ఒకమ్మాయి పోయిన వారం అడిగింది: "సార్, మీరు రాసే చరిత్రంతా ఏడుపే. నవ్వొచ్చే చరిత్ర ఒక్కటీ లేదా?"

అడగాల్సిన ప్రశ్నే. అందుకే ఈ వారం నవ్వొచ్చే కథ ఒకటి చెప్తాను. ఇంగ్లండులో నిజంగా జరిగింది, సినిమాగా కూడా వచ్చింది. చివరిదాకా నవ్వుతూనే ఉంటారని మాత్రం మాటివ్వలేను.

సినిమా పేరు 'ది డ్యూక్'. దర్శకుడు రోజర్ మిషెల్. 2020లో వెనిస్ చిత్రోత్సవంలో మొదట చూపించారు. కరోనా వల్ల ఆలస్యమై బ్రిటన్ థియేటర్లకు 2022లో వచ్చింది. ఆ రోజు చూడకుండానే దర్శకుడు 2021లో చనిపోయాడు. జిమ్ బ్రాడ్‌బెంట్, హెలెన్ మిరెన్ మొగుడూ పెళ్ళాలుగా చేశారు.

కథలో పెద్దాయన కెంప్టన్ బంటన్. న్యూకాజిల్ ఊరివాడు. ఒకప్పుడు బస్సు డ్రైవరు. ఒళ్ళు బాగా లేక పని మానేసి, పింఛను మీద బతుకుతున్నాడు. పొద్దస్తమానం నాటకాలు రాస్తాడు, ఒక్కటీ ఎవరూ వెయ్యరు. ఎక్కడ అన్యాయం కనబడితే అక్కడ నోరు పారేసుకుంటాడు. సినిమాలో ఒక రొట్టెల ఫ్యాక్టరీలో పనికి కుదురుతాడు. తోటి పాకిస్తానీ కుర్రాణ్ణి సూపర్‌వైజరు జాతి పేరెత్తి హీనంగా మాట్లాడితే అడ్డుపడతాడు. ఆ ఉద్యోగం అక్కడితో సరి. ఆయన భార్య డొరోతి పెద్దింట్లో పనిమనిషి. నేల తుడుస్తుంది, చాకిరీ చేస్తుంది, మొగుడి ఉద్యమాలకు తలపట్టుకుంటుంది. మన పల్లెల్లో ఇలాంటి జంటలు ఎన్ని లేవు? ఆయన సంఘం అంటాడు, ఆమె పొయ్యి అంటుంది. ఇద్దరిదీ నిజమే.

ఇక ఉద్యమం ఏమిటంటే టీవీ లైసెన్సు. బ్రిటన్‌లో ఇంట్లో టీవీ ఉంటే ఏడాదికోసారి లైసెన్సు రుసుం కట్టాలి. అప్పట్లో 4 పౌండ్లు. ఆ డబ్బుతో బీబీసీ నడుస్తుంది. పింఛను మీద బతికే ముసలివాళ్ళకు 4 పౌండ్లు చిన్న మొత్తం కాదు. బంటన్ వాదన సూటిగా ఉంటుంది. ముసలితనంలో ఒంటరితనమే పెద్ద జబ్బు, టీవీయే వాళ్ళకున్న తోడు, తోడుకి పన్నేమిటి? తన టీవీలో బీబీసీ రాకుండా లోపలి తీగచుట్ట తీసేశాడు. ప్రైవేటు చానెల్ మాత్రమే చూస్తున్నాను కాబట్టి కట్టను పొమ్మన్నాడు. చట్టం ఒప్పుకోలేదు. 1960లో జైలుకి పంపారు. వెళ్ళాడు.

1961లో ఇంకో సంగతి జరిగింది. స్పెయిన్ చిత్రకారుడు గోయా వేసిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ చిత్రాన్ని ఒక అమెరికా ధనికుడు వేలంలో 1,40,000 పౌండ్లకు కొన్నాడు. మన వీరుడి బొమ్మ సముద్రం దాటిపోతోందని ఇంగ్లండులో గోల. చివరికి వుల్ఫ్‌సన్ ఫౌండేషన్ లక్ష పౌండ్లు, ప్రభుత్వం 40,000 పౌండ్లు వేసి, అదే ధరకు తీసుకుని, లండన్ నేషనల్ గ్యాలరీలో పెట్టారు. రెండడుగుల ఎత్తున్న చెక్క పలక అది. ఆగస్టు 2న జనం చూడ్డానికి పెట్టారు. ఆగస్టు 21 తెల్లవారుజామున మాయమైంది.

లెక్కల మాస్టారు ఇచ్చే లెక్కలా చూడండి. 1,40,000ని 4తో భాగిస్తే 35,000. అంటే 35,000 మంది ముసలివాళ్ళ ఏడాది లైసెన్సు డబ్బు ఒక దొరగారి ముఖానికి పెట్టారు. బంటన్ కడుపుమంట అదే.

పోలీసులు ఎవరికోసం వెతికారో తెలుసా? అంతర్జాతీయ ముఠా కోసం, ఆరితేరిన దొంగల కోసం. 1962లో వచ్చిన మొదటి జేమ్స్ బాండ్ సినిమా 'డాక్టర్ నో'లో ఈ బొమ్మను విలన్ ఇంట్లో పెట్టి చూపించారు, ప్రేక్షకులు నవ్వుకున్నారు. అసలు బొమ్మ మాత్రం న్యూకాజిల్‌లో ఒక పేద ఇంట్లో దాగి ఉంది. ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. మొదటిది రాయిటర్స్ వార్తా సంస్థకు. బొమ్మ క్షేమం, దాని విలువంత డబ్బు ధర్మకార్యానికి ఇవ్వండి, పేద ముసలివాళ్ళకు లైసెన్సులు కొనండి, తిరిగిచ్చేస్తాం అని. ఎవరూ ఇవ్వలేదు.

1965 మేలో బంటన్ విసిగిపోయి బొమ్మను బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ రైల్వే స్టేషన్‌లో సామాన్లు దాచే గదిలో పెట్టేశాడు. రసీదు డైలీ మిర్రర్ పత్రికకు అందేలా చేశాడు. జూలైలో తనే వెళ్ళి లొంగిపోయాడు. సినిమా ఈ నాలుగేళ్ళనూ కొన్ని నెలలకు కుదించి, అంతా 1961లోనే అయిపోయినట్టు చూపిస్తుంది. కథ పరుగెత్తడానికి అలా చేశారు. కానీ ఒక పేదవాడు నాలుగేళ్ళు ఒక బొమ్మను ఇంట్లో పెట్టుకుని, రూపాయి లాభం లేకుండా ఎదురుచూశాడన్న బరువు తెర మీద తప్పిపోయింది.

నవంబరులో ఓల్డ్ బెయిలీ కోర్టులో విచారణ. ఆయన తరఫున జెరెమీ హచిన్‌సన్ అనే పేరున్న లాయరు. 'లేడీ చాటర్లీస్ లవర్' నవల కేసులో ప్రచురణకర్తల తరఫున వాదించిన వాళ్ళలో ఒకడు. ఆయన పట్టుకున్న పాయింటు ఒక్కటే. అప్పటి చట్టం ప్రకారం దొంగతనం అంటే, వస్తువును సొంతదారుకు శాశ్వతంగా దక్కకుండా చెయ్యాలనే ఉద్దేశం ఉండాలి. ఈయన మొదటి నుంచీ తిరిగిస్తానంటున్నాడు, తిరిగిచ్చాడు. మరి దొంగతనం ఎక్కడ? జూరీ ఒప్పుకుంది. బొమ్మ దొంగతనంలో నిర్దోషి అంది. కానీ బొమ్మ చుట్టూ ఉన్న ఫ్రేము తిరిగి రాలేదు, ఇప్పటికీ దొరకలేదు. ఆ ఫ్రేము దొంగతనానికి మూడు నెలల శిక్ష పడింది. 1,40,000 పౌండ్ల బొమ్మకు శిక్ష లేదు, దాని చుట్టూ ఉన్న చెక్కకు జైలు. అమ్మాయ్, నవ్వొచ్చిందా?

ఇంకా ఉంది. బొమ్మను కిటికీలోంచి దింపింది ఈయన కాదు. అప్పటికి ఇరవయ్యేళ్ళున్న కొడుకు జాన్. 1969లో వేరే చిన్న కేసులో దొరికినప్పుడు జాన్ తనే చెప్పేశాడు. కేసు పెట్టకూడదని ప్రాసిక్యూషన్ వాళ్ళు నిర్ణయించుకున్నారు. ఆ కాగితాలు 2012లో గానీ బయటికి రాలేదు. కొడుకు తప్పును తండ్రి నెత్తిన వేసుకుని జైలుకెళ్ళాడన్నమాట.

చట్టం ఊరుకుంటుందా? 1968లో కొత్త దొంగతనాల చట్టం తెచ్చి, 11వ సెక్షను రాసుకున్నారు. జనం చూడ్డానికి పెట్టిన వస్తువును అనుమతి లేకుండా తీసుకెళ్తే చాలు, తిరిగిచ్చే ఉద్దేశమున్నా నేరమే. పేదవాడు ఒక కన్నంలోంచి బయటపడితే, ఆ కన్నం పూడ్చడానికి మూడేళ్ళు. ముసలివాళ్ళకు ఉచిత లైసెన్సు ఇవ్వడానికి ఎన్నేళ్ళు పట్టింది? 2000 దాకా ఆగాలి, అదీ 75 దాటినవాళ్ళకే. 2020లో దాన్నీ కోసి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకే మిగిల్చారు. బంటన్ 1976లోనే పోయాడు.

ఇంతవరకూ అందరూ చెప్పే కథ. ఇప్పుడు మన కథ.

ఈ సినిమా గురించి ఎవరు మాట్లాడినా ఒక మాట తప్పకుండా వస్తుంది. "ఇలాంటి మనిషి దొంగ అంటే నమ్మలేం" అని. నాకు ఆ మాట దగ్గర కాలు ఆగిపోయింది. నమ్మలేని దొంగ ఒకడున్నాడంటే, ఎక్కడో నమ్మదగిన దొంగ కూడా ఉండాలి కదా. చూడగానే "వీడే అయ్యుంటాడు" అనిపించేవాడు. వాడెవడు? వాడి ముఖం ఎవరు గీశారు?

ముందు, బొమ్మలో ఉన్న పెద్దమనిషిని చూద్దాం. వెల్లింగ్టన్ అసలు పేరు ఆర్థర్ వెల్లెస్లీ. గోయా దగ్గర కూర్చోవడానికి చాలా ముందే ఆయన మన దేశంలో ఉన్నాడు. 1799లో శ్రీరంగపట్నం మీదికి హైదరాబాదు నిజాం సైన్యంతో కలిసి నడిచిన దళానికి నాయకుడు ఆయనే. మే 4న టిప్పు సుల్తాను చనిపోయాడు. ఆ రాత్రి మామూలు సైనికులు ఊరి మీద పడి దోచుకున్నారు. మర్నాడు పట్నం బాధ్యత వెల్లెస్లీ చేతికి వచ్చింది. దోచుకున్న సైనికుల్లో కొందరిని ఉరితీయించాడు, కొందరిని కొరడాలతో కొట్టించాడు. ఊరు సర్దుకుంది. ఆ తర్వాత టిప్పు ఖజానాను కమిటీ వేసి లెక్కగట్టి, హోదా ప్రకారం పంచుకున్నారు. జనరల్‌కి కొండంత, తెల్ల సైనికుడికి పిడికెడు, సిపాయికి అంతకన్నా తక్కువ. మద్రాసు సైన్యపు సిపాయిల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు, అంటరాని కులాలవాళ్ళూ ఉన్నారు. వెల్లెస్లీకీ వాటా ముట్టింది. టిప్పు సింహాసనాన్ని ముక్కలు చేశారు. తెల్లవాడి మీద పడ్డ ఆయన చెక్కపులి ఇవాళ లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

చూశారా తేడా? రాత్రి దోచుకున్నవాడు దొంగ, వాడికి ఉరి. పగలు కమిటీ వేసి పంచుకున్నది బహుమతి సొమ్ము. పేరే వేరు.

స్పెయిన్‌లో కూడా అంతే. 1813 జూన్‌లో విటోరియా యుద్ధంలో ఓడిన జోసెఫ్ బొనపార్టే, స్పెయిన్ రాజుల బొమ్మలను బండ్లలో వేసుకుని పారిపోతూ, ఆ బండ్లను వదిలేసి తప్పించుకున్నాడు. ఆ బొమ్మలు వెల్లింగ్టన్‌కు చిక్కాయి. తిరిగిస్తానని ఆయన రాశాడు, పర్వాలేదు ఉంచుకో అని స్పెయిన్ రాజు జవాబిచ్చాడు. ఉంచుకున్నాడు. అవి ఇవాళ లండన్‌లో ఆయన ఇల్లు ఆప్స్‌లీ హౌస్‌లో ఉన్నాయి. అందులో వెలాస్క్వెజ్ వేసిన ఒక గొప్ప చిత్రం ఉంది. సెవిల్ వీధుల్లో నీళ్ళమ్ముకునే ముసలాయన, చినిగిన చొక్కా, పక్కన చెమ్మగిల్లిన పెద్ద మట్టికుండ. డ్యూకు బొమ్మను ఒక పేదవాడు నాలుగేళ్ళు ఇంట్లో దాస్తే లోకమంతా అల్లరి. ఒక పేదవాడి బొమ్మ డ్యూకు ఇంట్లో రెండు వందల ఏళ్ళుగా ఉంది. తిరిగిస్తానని ఉత్తరం రాసింది ఇద్దరూ. కోర్టు బోనులో నిలబడింది ఒక్కడే.

ఇంకా దగ్గరికి వద్దాం, మన కృష్ణ ఒడ్డుకి. అమరావతి స్తూపం. బాబాసాహెబ్ బుద్ధుడి దగ్గరికి మనల్ని నడిపించాడు కాబట్టి అది మనకు ఊరికే పాత రాయి కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతి పట్నం కట్టించుకుంటున్నప్పుడు ఆ దిబ్బను తవ్వారు, పలకలను కట్టడాల్లో వాడుకున్నారు. 1797లో కోలిన్ మెకంజీ వచ్చి చూశాడు, తర్వాత బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్ళను మద్రాసు చేర్చాడు. 1859లో అవి లండన్ వెళ్ళాయి. వందకు పైగా శిల్పాలు ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. పాలరాయిలా తెల్లగా మెరిసే పల్నాటి సున్నపురాయి. ఈ మొత్తం తరలింపులో ఫ్రేము పాటి శిక్ష కూడా ఎవరికీ పడలేదు. అడిగితే కాపాడాం అంటారు. మంచి ఉద్దేశం అన్నమాట. బంటన్‌ను జూరీ ముందు నిలబెట్టి ఉద్దేశం రుజువు చేసుకోమన్నారు. మ్యూజియాన్ని ఎవరు అడుగుతారు?

ఇప్పుడు నమ్మదగిన దొంగ దగ్గరికి రండి.

1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. కొన్ని జాతులు పుట్టుకతోనే దొంగలని దాని సారం. మనిషి ఏం చేశాడన్నది అక్కర్లేదు, ఎవరికి పుట్టాడన్నది చాలు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. మన బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టింది. హెరాల్డ్ స్టువర్ట్ అనే మద్రాసు అధికారి పేరు పెట్టారు. ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ ఉంచి, సాల్వేషన్ ఆర్మీ మిషనరీలకు అప్పగించారు. హాజరు పలకాలి. పాసు లేకుండా ఊరు దాటితే నేరం. చీరాల పొగాకు కంపెనీకి ఆ చేతులే చౌక కూలీలయ్యాయి. ఉప్పూ ధాన్యం గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్న జాతి అది. రైళ్ళూ ప్రభుత్వ ఉప్పు విధానమూ వచ్చి ఆ బతుకు తెరువును మింగేశాయి. బతుకుతెరువు పోయినవాడు తిరుగుతూ కనబడితే, తిరగడమే నేరమైంది.

ఇక్కడ హచిన్‌సన్ లాంటి లాయరు ఎవరైనా లేచి "వీళ్ళ ఉద్దేశమేమిటి?" అని అడిగే సందే లేదు. బంటన్ కేసులో చట్టం మనసులోకి తొంగిచూసింది. ఎరుకల బిడ్డ విషయంలో చట్టం ఉయ్యాలలోకి తొంగిచూసింది.

మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం రద్దయింది. దాని చోట అలవాటు నేరస్థుల చట్టాలొచ్చాయి. జైళ్ళ నిబంధనల పుస్తకాల్లో ఆ పాత చూపు ఎంతకాలం బతికిందంటే, 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పేదాకా. ఖైదీలకు కులాన్ని బట్టి పని పంచడం రాజ్యాంగ విరుద్ధమని, సంచార జాతులను అలవాటు నేరస్థులని రాయడం చెల్లదని ఆ రోజు తీర్పొచ్చింది. 153 ఏళ్ళు. ఇంకా స్టువర్టుపురం అంటే మన సినిమాలకు దొంగల ఊరే. 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది 2023లో. అక్కడ పుట్టి టీచరైన అమ్మాయి గురించి సినిమా ఎప్పుడొస్తుందో.

నేను ఎస్టీని కాదు, మాదిగను. మా మీద ఆ చట్టం లేదు. కానీ ఆ చూపుకి చట్టం అక్కర్లేదు.

డిగ్రీ రెండో ఏడు. హాస్టల్లో ఒక కుర్రాడి చేతిగడియారం పోయింది. ఎనభై మందికి పైగా ఉన్నాం. వార్డెనుగారు నేరుగా మా గదికొచ్చారు. మేం నలుగురం, నలుగురం ఎస్సీలమే. "పెట్టెలు తియ్యండ్రా." తీశాం. నా ట్రంకు పెట్టెలో రెండు జతల బట్టలు, అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి సీసా, లైబ్రరీ పుస్తకం ఒకటి. ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని, ముద్ర చూసి, "ఇది రాయించుకునే తెచ్చావా?" అన్నారు. గడియారం సాయంత్రానికి దొరికింది, ఆ కుర్రాడి సబ్బుపెట్టెలోనే. మా గదికి మళ్ళీ ఎవరూ రాలేదు. తప్పు జరిగిందని చెప్పడానికి కూడా రాలేదు. నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేటు చేశాను. ఇవాళ్టికీ లైబ్రరీ గేటు దగ్గర సంచి నేనే ముందు తెరిచి చూపిస్తాను, ఎవరూ అడక్కపోయినా. పద్దెనిమిదేళ్ళయింది.

అందుకే బంటన్ కోర్టులో జోకులేస్తుంటే జనం నవ్వడం చూసి నేనూ నవ్వాను గానీ, కొంచెం ఆలస్యంగా నవ్వాను. ఆయన పేదవాడే. ఆయన పోరాటం నిజమే. పాకిస్తానీ కుర్రాడి కోసం ఉద్యోగం పోగొట్టుకున్న మనిషిని నేను తక్కువ చెయ్యను. కానీ దొంగతనాన్ని సరదాగా చెప్పుకోగలగడం కూడా ఒక ఆస్తే. అది అందరికీ లేదు. ఆ ఫ్యాక్టరీలోని పాకిస్తానీ కుర్రాడి పక్కింట్లో ఆ బొమ్మ దొరికి ఉంటే, జూరీ అంతలా నవ్వేదా? ఆలోచించండి.

మన దారి వేరుగా ఎందుకు పడిందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ వేల మందితో పట్టపగలు నడిచివెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు తాగాడు. కిటికీలోంచి దూరలేదు, ఉత్తరాలు పేరు లేకుండా రాయలేదు. ఆ చెరువును అందరికీ తెరుస్తూ మునిసిపాలిటీ అంతకుముందే తీర్మానం చేసి ఉంది. తాగింది తమ హక్కు. అయినా కొట్టారు, కోర్టుకెక్కారు, చెరువు మా సొంతమన్నారు. 1937 దాకా, పదేళ్ళు కేసు నడిచి, బొంబాయి హైకోర్టులో మనం గెలిచాం. నమ్మదగిన దొంగగా ముద్రపడ్డవాడు చీకట్లో మంచిపని చేస్తే కూడా దొంగే అవుతాడు. అందుకే మనవాడు మిట్టమధ్యాహ్నాన్ని ఎంచుకున్నాడు.

చివరిగా, టీవీ మాట.

తొంభైల్లో మా పల్లెలో టీవీ లేదు. ఊళ్ళో ఒక కామందుగారింట్లో ఉండేది. శుక్రవారం చిత్రలహరికి మా నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేది. లోపల వాళ్ళ పిల్లలు చాపల మీద. మేం కిటికీ బయట, వీధిలో నిలబడి. నాయనమ్మకు అప్పటికే చూపు మందగించింది. పాట వినేది, ఎవరు ఆడుతున్నారో నన్ను అడిగేది. ఒక్కోసారి గాలికి కిటికీ రెక్క మూసుకుపోయేది. కావాలని మూసిందో, గాలేనో మాకు తెలిసేది కాదు. తాత పోయాక ఆమెకు వారంలో ఆ అరగంటే తోడు.

న్యూకాజిల్ ముసలాయన చెప్పిన మాట, తోడుకి పన్నేమిటి అన్న మాట, నాకు తెర మీద వినబడలేదు. ఆ కిటికీ దగ్గర వినబడింది. మా నాయనమ్మ 4 పౌండ్లు కట్టలేదు. నిలబడి కట్టింది.

వచ్చే ఆదివారం 24వ భాగంలో కలుద్దాం. ఆ అమ్మాయి మళ్ళీ నవ్వే కథ అడిగితే ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

జై భీమ్.